తలుపు అవతల విన్న గిటార్

టీ వడకడుతుంటే ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"మూడో పాట మధ్యలో తీగ తెగింది. ఆగాడా మహానుభావుడు? ఆగలేదు. మిగిలిన అయిదు తీగల మీదే పూర్తిచేశాడు. హాలంతా జనం. ఎంతమంది కనిపెట్టారంటారు?"

నేను కనిపెట్టాను. మా ఆయనకు చెప్పింది కూడా నేనే, పాప గుడ్డలు ఆరేస్తూ.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో గిటార్ అభిమానులు కూడతారు. పెద్దదిక్కు లెక్కల మేష్టారు. తరవాత మా ఆయన ఆఫీసు స్నేహితుడు, అందరూ బొద్దాయన అంటారు. నెలకోసారి చిన్న పత్రిక అచ్చువేసుకుంటారు. ఈ నెల దాన్లో ఆ కచేరీ గురించి మా ఆయన రాశాడు. "చెవులంటే నీవోయ్! మావి కళ్ళజోడు తగిలించుకునే కొక్కేలు" అంటున్నాడు బొద్దాయన. అందరూ నవ్వుతున్నారు. నేను చంకలో పాపతో ఒంటిచేత్తో కప్పులు నింపుతున్నాను.

కచేరీకి ఇద్దరం కలిసే వెళ్ళాం. "పాలు తాగే పిల్లని నామీద పడేసి పాటలకెళతావా? ఎత్తుకునే వెళ్ళు" అంది అత్తయ్య. మొదటి పాట సగంలోనే పాప ఈలపాటలా ఏడుపు మొదలెట్టింది. ముందు వరసలో తలలు వెనక్కి తిరిగాయి. "బయటికి తీసుకెళ్ళు, పరువు పోతోంది" అన్నాడాయన, కళ్ళు వేదిక మీంచి తిప్పకుండా. గేటు దగ్గరాయన జాలిపడి నన్ను వేదిక పక్క వసారాలో కూర్చోబెట్టాడు. బకెట్లు, చీపుళ్ళు, ఒక ఇనప కుర్చీ, చెక్క తలుపు. ఆ తలుపు అవతల నాలుగడుగుల దూరంలో ఆ గిటార్ విద్వాంసుడు వాయిస్తున్నాడు.

నాకు తీగలు కొత్తకాదు. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచం పట్టింది. ఇల్లు చూసేదెవరని నా బడి మాన్పించారు. వంటయ్యాక అన్నయ్య తన గిటార్ల మరమ్మతు కొట్టుకి తీసుకెళ్ళేవాడు, తోడుగా ఉంటానని. వాడు తీగ ఎక్కిస్తే నేను బిరడా తిప్పి బిగించేదాన్ని. అన్నదమ్ముల్ని అడుగుల చప్పుడుతో పోల్చుకున్నట్టు ఆరు తీగల్నీ గొంతుతో పోల్చుకునేదాన్ని. పెద్ద విద్వాంసులు వస్తే కొత్త తీగలు పట్టుకుని హాలుకు వెళ్ళేవాళ్ళం. వేదిక మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళం. ఎడమచేతి వాటం ఆవిడ ఒక స్వరాన్ని మోగించి వదిలేసేది. అది ఆరిపోయేలోగా ఇంకో నాలుగు పనులు చక్కబెట్టుకుని దాని దగ్గరికి వచ్చేది, పొయ్యిమీద పాలు పెట్టి వెళ్ళిన మనిషిలా. ఒక ముసలాయన ఉండేవాడు. జనం గోలచేస్తే ఆయన ఇంకా మెల్లగా వాయించేవాడు. చివరికి దగ్గొచ్చినవాళ్ళు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్ళు.

కచేరీనాడు ఆ వసారాలో నాకు వాయించే ఆయన ఊపిరి వినపడింది. లావు తీగల మీద వేళ్ళు జారిన గరగర వినపడింది. మూడో పాటలో టప్పుమంది. "హుఁ" అని చిన్నగా నవ్వుకున్నాడు. అంతవరకూ తేటగా వస్తున్న వరస పక్క తీగ మీదికి మారి బొంగురు గొంతుతో వచ్చింది, ఏడ్చి వచ్చి ఏమీ కానట్టు మాట్లాడే ఆడదానిలా. పాట అయ్యాక చూస్తే పాప ఒళ్ళో నిద్రపోయి ఉంది. పాప పుట్టినప్పట్నుంచీ ఎప్పుడు నిద్రపోయినా దాని ముక్కు కింద వేలుపెట్టి ఊపిరి చూసుకుంటాను. ఆ పాటసేపు చూసుకోలేదు. నేనేం తల్లినని అక్కడే కూర్చుని ఏడ్చాను.

తీగ సంగతి చెప్పగానే మా ఆయన ఫోన్లో తీసిన వీడియో మళ్ళీ మళ్ళీ విన్నాడు. దాన్లో చప్పట్లే ఉన్నాయి. అచ్చులో మాత్రం 'నా చెవికి తట్టింది' అని ఉంది. విన్నది నేను కదా అని అడిగితే, "మొగుడూపెళ్ళాల మధ్య నీది నాది ఏంటే? అయినా నువ్వు విన్నది తలుపు సందుల్లోంచి" అన్నాడు. "తొమ్మిదో తరగతి చదువుకి అచ్చులో పేరు కూడానా!" అంది అత్తయ్య. నిజమే కాబోలు అనుకున్నాను. రాయబోతే ఒత్తులు తప్పుతాయని నాకూ భయమే. కానీ ఈ పొద్దున్న, పాపకి స్నానం చేయిస్తుంటే మా ఆయన నోటు పుస్తకం పట్టుకొచ్చాడు. "ఆ ఎడమచేతి ఆవిడ, ఆ ముసలాయన... ఆ మెట్ల మీద విన్నవన్నీ చెప్పు. వచ్చే నెలకి ఒకటి, పై నెలకి ఒకటి రాస్తాను." సబ్బు చేతిలోంచి జారింది. నాకంటూ మిగిలినవి అవే.

టీ కప్పుల పళ్ళెం తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను.

"ఇంతకీ తెగింది ఏ తీగోయ్?" అంటున్నారు మేష్టారు.

"ఇంకేది మేష్టారూ, సన్నది. మొదటిది."

"మొదటిది కాదండీ, నాలుగోది" అన్నాను.

మా ఆయన నవ్వాడు. "వసారాలో పిల్లని ఆడించిన మనిషికి తీగల లెక్కా? లోపలికెళ్ళు, పాపకి నిద్రొస్తోంది."

"ఆగవయ్యా" అన్నారు మేష్టారు. "నీకెలా తెలిసిందమ్మా?"

పాపను ఇంకో చంకకి మార్చుకున్నాను. "ఈయనకి స్పీకర్లు వినపడ్డాయండీ. నాకు వాయించే ఆయన వినపడ్డాడు. పత్రికలో రాసింది నేను చెప్పిందే."

బొద్దాయన కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఏమిటా వాగుడు" అన్నాడు పళ్ళ బిగువున.

"అయితే మాకూ చెప్పు తల్లీ, మొదట్నుంచీ" అన్నారు మేష్టారు.

పాపను తీసి మా ఆయన ఒళ్ళో పెట్టాను. తెల్లబోయి పట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. మొదటి పాట చెప్పాను, రెండోది చెప్పాను. మూడో పాట అందుకోగానే పాప గుక్కపట్టింది. రొమ్ములు సలిపాయి. మా ఆయన దాన్ని నావైపు చాచాడు. నా చేతులు నాకు తెలియకుండానే లేవబోతే ఒడిలో బిగించుకున్నాను.

"పిల్ల అలా ఏడుస్తుంటే వినపడటంలా?" లోపల్నుంచి అత్తయ్య అరిచింది.

"వినపడుతోందత్తయ్యా. వాళ్ళ నాన్న దగ్గరుంది" అని, మేష్టారి వైపు తిరిగి, మూడో పాట మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాను.