ముద్ద మానిన పద్దెనిమిది రోజులు

నా తమ్ముడు ఓబుళేసు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. మిషను పెడల్ తొక్కేది కుడికాలు. ఆ కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా కేకపెడుతున్నాడని మరదలు పుష్పావతి బుధవారం ఫోన్ చేసింది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, గుంతకల్లు నుంచి మొదటి బస్సుకే వెళ్ళాను.

"దిష్టి తగిలింది వదినా. సోమవారానికి పనికి రాకపోతే ఆ మిషను వేరేవాళ్ళకిస్తాడంట షెడ్డు ఓనరు తిప్పేష్."

దిష్టిని పక్కన పెట్టి తమ్ముణ్ణి అడిగాను. "ఏం తింటున్నావు?"

"అన్నం లేదు, ముద్ద లేదు. పిండి పదార్థం విషమని ఫోన్‌ వీడియోలో సారు చెప్పినాడు గదక్కా. పద్దెనిమిది దినాల్లో ఐదు కేజీలు తగ్గినా! పొద్దున కార్జం, రాత్రికి బోటి."

మా ఇళ్ళలో మాంసం పులుసు ఉండేది రాగిముద్దను గొంతు దింపడానికి. వీడు ముద్దను మానేసి పులుసును మాత్రం గిన్నెలకొద్దీ తాగుతున్నాడు.

"నీళ్ళు?"

"తాగల్లంటే గేటు కాడికి లేసిపోవల్ల. లేస్తే రెండు ప్యాంట్లు పాయె."

ఎవరి ఒంట్లో ఏముందో, ఎవరు ఏ పని చేస్తారో విచారించకుండా లక్షలమందికి ఒకే కంచం వడ్డించే ఆ మనిషిని అజ్ఞాని అనడం కూడా మర్యాదే అవుతుంది.

రక్తపరీక్షలో, ఏడు లోపు ఉండాల్సిన యూరిక్ ఆమ్లం తొమ్మిది దాటింది. అది కీలులో పేరుకుని వచ్చే గౌట్ అని డాక్టరమ్మ తేల్చింది.

"అయితే సారు చెప్పింది అబద్ధమా?" ఆమెను అడిగాడు ఓబుళేసు.

"సగమే చెప్పినాడు. బరువు మెల్లగా తగ్గితే ఈ జబ్బుకు మేలే. ఉన్నట్టుండి పిండి పదార్థమంతా మానేస్తే మొదటి వారాల్లో ఒళ్ళు ఈ ఆమ్లాన్ని సరిగా బయటికి పంపదు. దానిమీద కార్జం, బోటి. నీళ్ళా లేవు."

మాత్రలు రాసింది. పూటకు చిన్న ముద్ద, ఆకుకూర పప్పు తినమంది.

శుక్రవారం తిప్పేష్ షెడ్డుకు వెళ్ళాను. నీళ్ళ క్యాను గేటు దగ్గర ఉంది.

"తాగకుండా ఉండాలనే అంత దూరం పెట్టినావా?"

"ఏమమ్మా, బడిపిల్లోన్ని గద్దించినట్ల గద్దిస్తావు!"

"నీళ్ళు తాగాలని నా బడిపిల్లలకే తెలుసు, వాళ్ళను గద్దించే పని లేదు. నీళ్ళు లేక పనివాళ్ళు పడిపోతే కుట్టేదెవరు?"

గొణుగుతూనే క్యాను మిషన్ల మధ్యకు మార్పించాడు.

సోమవారం ఓబుళేసు పెడల్ మీద కాలు పెట్టి పళ్ళు బిగించాడు. మూడో ప్యాంటుకు అతని నుదురు సడలింది. పక్క మిషను రామప్ప వంగి చూశాడు.

"ఓబుళేసన్నా, నాకు మోకాలు నొస్తాంది. మీ అక్కను ఇంకొక వారం ఈడనే ఉండమను."

ఓబుళేసు తలెత్తకుండా నవ్వి, నాలుగో ప్యాంటు అందుకున్నాడు.