దండ వేసిన బోర్డు

నేను ఒక టీ కొట్టు బోర్డుని. రేకు ముక్కని కాదండోయ్, లోపల లైట్లున్న వెలిగే బోర్డుని. విశాఖలో నన్ను తయారుచేసి మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు తెల్లారిపోయిందనుకుని వీధిలో కోళ్లన్నీ కూశాయి. పాలవాడు రెండోసారి వచ్చి పాలు పోసి వెళ్లాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

నా మీద ఉన్నది 'సిరిధార టీ' అనే కంపెనీ పేరు. ఆ పేరు పెట్టుకోవాలంటే కంపెనీకి డిపాజిట్ కట్టాలి. బొబ్బిలి బస్టాండు దగ్గర పోలినాయుడు కట్టాడు, నన్ను కొట్టు నెత్తికెక్కించాడు. కొన్నేళ్లకు నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయి, కొట్టు అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి ఎదురుగా ఇడ్లీ బండి నడిపే నూకరత్నం వచ్చింది. బండి అమ్మేసి, మెడలో గొలుసు అమ్మేసి, ఆ డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది.

"కంపెనీ కాడున్న నా డిపాజిట్టు నీకే వచ్చేస్తాది సెల్లీ. ఆ డబ్బు కూడా కలిపి నాకిచ్చీ" అన్నాడు నాయుడు.

"కంపెనీవోళ్లకి సెప్పొద్దేటన్నా?"

"సెప్తాంలే. ఈ శుక్కురారం దాటితే మూఢం వచ్చేస్తాది. ముందు పాలు పొంగించీ!"

శుక్రవారం నూకరత్నం నిచ్చెనెక్కి నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బారెడు బంతిపూల దండ వేసింది. నా పొగరు చూడాలి! రాజాం బస్సు డ్రైవరు నన్ను చూసి గుడి అనుకుని చెప్పులు విప్పేశాడు.

మర్నాడు కంపెనీ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. వస్తూనే నాకు ఫొటో తీశాడు. ఎంత చక్కగా నవ్వానో!

"ఈ దండ ఎవరు వేశారు?"

"నానే బాబూ. నిన్ననే కొట్టు కొనుక్కున్నాను. టీ తాగండి."

"మమ్మల్ని అడక్కుండా కొట్టు చేతులు మారిందన్నమాట" అంటూ ఆయన టీ అందుకున్నాడు. "నాయుడుగారి డిపాజిట్ ఇక రాదు. మీరు నడపాలంటే బదిలీ ఫీజు, మీ పేరున కొత్త డిపాజిట్ కట్టాలి మేడమ్."

"డిపాజిట్టు అన్నకిచ్చీసినాను కదా!"

"ఆయనకిచ్చారు. మాకివ్వలేదుగా."

అమ్మకానికి కాగితమేదీ లేదు. సాక్ష్యమల్లా నా మెడలో దండే. నా వెలుగులో ఆ ఫొటో ఎంత స్పష్టంగా పడిందో! ఆ క్షణాన నా లైట్లన్నీ మాడిపోతే బాగుండుననిపించింది. ఒక్కటీ మాడలేదు.

కబురందుకుని నాయుడు కుంటుకుంటూ వచ్చాడు. "ఇల్లు అమ్మితే కరెంటు మీటరు మళ్లీ కొనమంటారేటి బాబూ?"

"అడక్కుండా అమ్మితే డిపాజిట్ పోతుందన్నది మీరు సంతకం పెట్టిన షరతే" అన్నాడు ఆఫీసరు.

నాయుడు తల దించుకున్నాడు. "నీ డబ్బు మోకాలి ఆపరేషన్‌కి కట్టీసినాను సెల్లీ."

నూకరత్నం ఆ మోకాలి వైపు చూసింది. "ఆ మోకాలిని ఇప్పీసి ఇమ్మంటానేటన్నా? ఊరుకో."

తర్వాత ఆఫీసరుతో అంది: "మీ బోర్డు తీస్కెళ్లండి బాబూ. పేరు నేకపోతే పాలు కాగవేటి?"

తనే నిచ్చెనెక్కింది. దండ తీసింది. పసుపు మరక కూడా లేకుండా కొంగుతో నన్ను తుడిచి దించింది.  నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కంపెనీ గోదాములో ఉన్నాను. ఎవరో నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టారు. వాళ్లకు పుణ్యముంటుంది.