తాళం లేని పరిశోధన పత్రం

పుట్టగొడుగుల షెడ్డులో మూడో విడత గడ్డి సంచులకు కూడా పచ్చ బూజు పట్టింది. హోటళ్లకు సరుకు పంపే బేరగాడు షెడ్డు యజమానురాలికి తేల్చి చెప్పేశాడు.

"ఇంకొక్కసారి చూస్తానమ్మా. అప్పుడూ ఇంతే అయితే నా దారి నాది."

ఆ ఒక్క గిరాకీ పోతే షెడ్డు మూసుకోవాల్సిందే.

ఫోనులో వెతగ్గా వెతగ్గా ఆ బూజు మీదే ఒక పరిశోధన పత్రం దొరికింది. గడ్డిని సున్నం నీళ్లలో నానబెడితే బూజు ఆగుతుందని సారాంశంలో ఉంది. ఎంత సున్నం, ఎన్ని గంటలు అన్న చోటికి వచ్చేసరికి తాళం: పత్రిక వాళ్లకు డబ్బు కడితేనే మిగతాది తెరుచుకుంటుంది. ధర చూసి ఆమె గుడ్లు తేలేసింది. అయినా కార్డు తీసింది.

కాలేజీ లైబ్రరీలో పనిచేసే మరిది అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఆగాగు వదినా! పది పేజీలకు అంతా? నన్నడిగితే నేనే రాసిపెట్టేవాణ్ణిగా."

"నువ్వు రాస్తే బూజు కూడా నవ్వుతుంది. పక్కకు జరుగు."

అతను జరగలేదు. ఫోను లాక్కుని, అదే పత్రాన్ని ఆ పరిశోధన చేసిన విశ్వవిద్యాలయం వాళ్ల సైటులో రెండు నిమిషాల్లో తెరిచాడు. ఎవరూ పైసా అడగలేదు.

ఆమెకు నమ్మకం కుదరలేదు. బజారులో ఊరికే చేతిలో పెట్టేది శాంపిలైనా అయి ఉండాలి, అమ్ముడుపోని చెత్తైనా అయి ఉండాలి. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆమె చూసింది అంతే.

"అసలు సరుకు లోపల దాచుకుని ఉంటార్లే," అంది.

"కాదు మహాతల్లీ! సర్కారు ఖర్చుతో చేసిన పరిశోధనను అందరూ చదివేలా పెట్టాలని ఇప్పుడు నియమం వచ్చింది. పత్రిక వాళ్ల ముస్తాబు లేదు గానీ, రాసినవాళ్ల ప్రతి ఇదే. దీని ఖర్చు నీ పన్నుల్లో ఎప్పుడో కట్టేశావ్."

"అంటే నా సరుకే నాకు మళ్లీ అమ్మబోయారా?"

"హమ్మయ్య, బుర్రకెక్కింది."

అప్పటికీ ఆమె రెండు సారాంశాలనూ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చి చూసుకుంది. తేడా లేదు. లోపల పట్టికలో అన్నీ ఉన్నాయి: లీటరుకు ఎంత సున్నం, ఎన్ని గంటలు నానాలి. ఆ కిందే ఇంకో మాట కనిపించింది. నానిన గడ్డిని గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి రాలకూడదు. ఆమె నుదురు కొట్టుకుంది. తడి ఎక్కువైతే పుట్టగొడుగు బరువు తూగుతుందన్న ఆశతో ఇన్నాళ్లూ నీళ్లోడుతున్న గడ్డినే సంచుల్లో కూరించింది మరి!

పత్రంలో ఉన్నట్టే చేసిన నాలుగు వారాలకు షెడ్డంతా తెల్లగా విచ్చుకుంది. బేరగాడు ప్రతి సంచీ తిప్పి తిప్పి చూశాడు.

"ఎక్కడా పచ్చ మచ్చ లేదే!"

"ఇంకా వెతుక్కో బాబూ. దీపం కావాలా?"

అతను నవ్వేసి, వచ్చే నెల నుంచి రెట్టింపు సరుకు కావాలన్నాడు. ఆమె సరేనంది. అంత పండించే చోటు తనకు లేదని మాత్రం అనలేదు.

అతని బండి మలుపు తిరగగానే వెనక వీధిలోని పోటీ షెడ్డాయనకు ఫోను చేసింది. ఆయనకూ అదే బూజు. పత్రం దాచుకున్నా ఆయన రేపో మాపో ఎలాగూ చదువుకుంటాడు. తానే ముందు చెబితే ఆ పంట తన చేతి మీదుగానే బేరగాడికి పోతుంది.

"అన్నా, నీకో పత్రం పంపుతున్నా. తు.చ. తప్పకుండా అలాగే చెయ్యి. నీ పంటంతా నేనే కొంటా. ధర మాత్రం ఇప్పుడే మాట్లాడేసుకుందాం."