సూది పడని మొక్కు పంది

మొక్కుకున్న జీవం ఒంట్లో, కోసే రోజుదాకా ఇనుము దిగకూడదు, సూదైనా సరే. మా అత్త బాలనర్సమ్మ ఇంటి కట్టుబాటు అది.

గుండ్లపోచంపల్లి బయట నాకు సీమ పందుల దొడ్డి ఉంది. 2003 వానాకాలంలో వాటికి జ్వరం పట్టింది. ఒంటి మీద పేకముక్కల డైమండు ఆకారంలో ఎర్రటి మచ్చలు లేచాయి. మేడ్చల్ నుంచి పశువుల డాక్టర్ సుచిత్ర వచ్చి అన్నిటికీ పెన్సిలిన్ వేసింది, ఒక్క మొక్కు పందికి తప్ప. మా అత్త దాని గదికి అడ్డంగా కూర్చుని లేవలేదు.

రెండు మూడు రోజులకు ఆ పంది దానంతట అదే లేచి మేత తిన్నది.

"సూశినవా అల్లుడా? తల్లి సల్లగ జూసింది" అన్నది మా అత్త.

ఆ మాట ఇదివరకే విన్నాను. నా భార్య సుక్కమ్మకు కీళ్ళవాతం వచ్చి గుండెకు పట్టింది. నెలనెలా సూది తప్పకూడదని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆమె కాస్త తేరుకోగానే మా అత్త అదే మాట అని, పోచమ్మ తల్లికి ఈ పందిని మొక్కి, బిడ్డను పుట్టింటికి తీసుకుపోయి, సూదులు మాన్పించింది. ఆ గుండె జబ్బుతోనే సుక్కమ్మ చనిపోయింది. అయినా మొక్కు చెల్లించాల్సిందేనట.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం చుట్టాలు డప్పులతో వచ్చారు. నా బావమరిది ప్రతాప్ పందికి పసుపు పూశాడు. దాని చెవులు నీలంగా ఉన్నాయి. పొట్ట ఎగరేసి ఊపిరి తీస్తోంది. నేను డాక్టరుకు ఫోన్ చేశాను. ఆమె వచ్చి దాని రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"జ్వరం తగ్గినా రోగం పోలేదు, గుండెకు పట్టింది. దీన్ని కోయొద్దు, తినొద్దు. చేతికి గాయముంటే కోసేటోళ్లకూ అంటుకుంటది."

ప్రతాప్ నవ్వాడు. "డాక్టరమ్మా, మేం పుట్టినకాడికెళ్లి పందులల్లనే ఉన్నం. రోగాలే మమ్ముల జూసి పరేషాన్ అయితయ్."

"నీ బొటనవేలికి ఆ గుడ్డ ఏంది?" అన్నాను.

"కత్తి నూరంగ తెగింది. అయితేంది బావా?"

"కత్తి ఇటియ్యి."

"ఇయ్య. దొడ్డి నీదే గానీ మొక్కు మాది."

డప్పు కొట్టి పందిని తోలారు. గేటు దాటగానే ముందుకాళ్ళు మడిచి కూలబడి, అక్కడే చచ్చింది.

"నెత్తురు ఎచ్చగున్నప్పుడే కోద్దాం, జల్దీ!" అని ప్రతాప్ వంగాడు. నేను అతని చెయ్యి మెలిపెట్టి కత్తి గుంజుకున్నాను.

డాక్టర్ చేతులకు తొడుగులు వేసుకుని రొమ్ము కోసింది. గుండె విప్పి చూపింది. లోపలి కవాటాల మీద గోబీపువ్వులా గడ్డలు పెరిగి ఉన్నాయి. చుట్టాలు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. మా అత్త మాత్రం దగ్గరికి వచ్చింది.

"అప్పుడే సూదేస్తే గిట్ల గాకపోవునా?" అని డాక్టర్ని అడిగింది.

"బతికేది అవ్వా."

మా అత్త నా వైపు తిరిగింది. "నా బిడ్డ గుండె గూడ గిట్లనే అయిందా?"

"గిట్లనే అయింది" అన్నాను.



"ముసల్దాన్ని గంత మాటంటవా బావా?" అన్నాడు ప్రతాప్.

"అడిగింది. చెప్పిన."

అతను దొడ్డిలోకి చూశాడు. "సరే, ఇంకోటి ఇయ్యి. సూది వడనిది."

"నా దగ్గర లేదు. ఇగ ముందు గూడ ఉండదు."

నేను గొయ్యి తవ్వి పందిని దించి సున్నం పోశాను. చుట్టాలు డప్పులు భుజాన వేసుకుని రోడ్డెక్కారు. మా అత్త గొయ్యి పక్కనే ఉండిపోయింది. నేనేదైనా అంటానని చూస్తోంది.

"జరుగు అత్తా, మట్టి ఎయ్యాలె" అన్నాను.