నరం అన్నందుకు

హిందూపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో సుచిత్ర పని కోడింగ్. డాక్టరు ఏ వైద్యం చేస్తే దానికి తగ్గ నంబరు వేసి బీమా కంపెనీకి పంపాలి. ఆ నంబరును బట్టే బిల్లు. మేనేజర్ హరిప్రసాద్ దగ్గర ఇది తలకిందులు. బిల్లు ఎంత కావాలో ఆయన చెబుతాడు, దానికి సరిపడే నంబరు ఈమె వెతకాలి.

ఉలిగప్పది పెనుకొండ పక్క పల్లె. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం కూర్చునే మనిషి. ఎడమ కాలి రక్తనాళంలో గడ్డ కట్టి, కాలు గుమ్మడికాయలా వాచింది. డాక్టరు సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేశాడు. కాలు దక్కింది. హరిప్రసాద్ మాత్రం రెండు కాళ్లకూ చేసినట్టు రాయమన్నాడు.

"కంపెనీ దుడ్లే గదా, నీ సొమ్మేం పోతాంది?" అన్నాడు. సుచిత్ర అలాగే రాసింది.

నాలుగో రోజు కంపెనీ నుంచి క్లెయిము తిరిగొచ్చింది. రెండో కాలు సంగతి వాళ్లకింకా తెలియదు, కారణం వేరే. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఎన్నాళ్ల నుంచి బాధ అని కౌంటర్లో అడిగితే, ఉలిగప్ప భార్య మునెమ్మ "మూడేండ్ల నించి నరాలు లాగుతాండాయి సామీ" అంది. మగ్గం దిగిన వాళ్లెవరైనా సాయంత్రానికి అనే మాటే. మన జనానికి రక్తం పారేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. కౌంటర్లోని మహానుభావుడు ఇంగ్లీషులో 'మూడేళ్లుగా నరాల జబ్బు' అని రాసి పారేశాడు. పాత జబ్బు దాచి పాలసీ తీసుకున్నారు కనుక పైసా ఇవ్వమంది కంపెనీ.

"స్కాన్ రిపోర్టు పంపితే చాలు సార్, నరాల జబ్బు కాదని తెలిసిపోతాది" అంది సుచిత్ర.

హరిప్రసాద్ పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. "స్కాన్లో ఒక కాలే గదమ్మా ఉండేది. బిల్లులో రెండుండాయి. మనల్ని మనమే పట్టిచ్చుకోవాల్నా? ఉలిగప్ప వాళ్లనే కట్టమను."

"రెండు కాళ్లకా సార్?"

"కంప్యూటర్లో రెండే గదా ఉండేది. నరం అనింది ఆయమ్మే, నేను గాదు." పుల్ల కొనకు వచ్చినదాన్ని చూసుకుని మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. సుచిత్ర లేచి వార్డు వైపు నడిచింది.

మునెమ్మ వార్డు బయట గోడకానుకుని కూర్చుని ఉంది. నరాలన్న మాట వల్లే క్లెయిము పోయిందని కౌంటర్లో అప్పటికే చెప్పేశారు. సుచిత్రను చూసి లేచింది.

"మగ్గం చూసేకి ధర్మవరం నించి రేపు వస్తాండారు మేడం. అమ్మి కట్టేస్తాం. తప్పు నాదే గదా." గొంతు తగ్గించి అడిగింది. "ఇంకోసారి ఎవరన్నా అడిగితే నరాన్ని ఏమని చెప్పాల మేడం?"

సుచిత్రకు హరిప్రసాద్ మీద పుట్టిన రోత అంతా తన మీదికే తిరిగింది. ఆ బిల్లు మీద ఉన్నది తన వేళ్లు నొక్కిన నంబరే.

సీటుకొచ్చి స్కాన్ రిపోర్టును కంపెనీకి పంపింది. హరిప్రసాద్ గది తలుపు తెరిచే ఉంది. అయినా గొంతు తగ్గించకుండా కంపెనీకి ఫోన్ చేసింది.

"ఉలిగప్ప క్లెయిము గురించి. ఆయనకున్నది నరాల జబ్బు కాదు, రక్తనాళంలో గడ్డ. వైద్యం చేసింది ఎడమ కాలికి ఒక్కదానికే."

"బిల్లులో రెండున్నాయే?" అన్నాడు అవతలి మనిషి.

"రెండోది నేను రాసిన కాలు. నా పేరు సుచిత్ర, రాసుకోండి."