ప్రజాభిప్రాయమనే ఆడపని

సాయంత్రం వంట పొద్దున్నే ముగించి గిన్నెల మీద మూతలు పెడుతుంటే, వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

“ఇప్పుడు వండితే రాత్రికి చల్లారి చప్పబడిపోదూ?”

“కాస్త వేడి చేసుకుంటే సరిపోతుందత్తయ్యా.”

“ఎవరు చేస్తారు?”

ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులు, ఆరు చేతులు. అందులో నాలుగు చేతులకి పొయ్యి వెలిగించడమంటే విమానం నడిపినంత పెద్ద విద్య. భర్త మంచివాడే. “నాకో మాట చెప్తే చేయనూ?” అంటూనే ఉంటాడు. కానీ ఆ చెప్పడం ఉంది చూశారూ, అది చేయడం కంటే పెద్ద చాకిరీ. ఏ గిన్నెలో ఉందో చెప్పాలి, ఎంత మంట పెట్టాలో చెప్పాలి, ఎప్పుడు దించాలో పక్క గదిలోంచి కేకేసి చెప్పాలి, ఆఖర్న “అబ్బ, ఎంత సాయం చేశారండీ” అని మెచ్చుకోవాలి. అదంతా తలుచుకుంటే నీరసమొచ్చి ఆమె తనే చేసేసేది. అలా చేసేస్తూ ఉండగానే పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది.

“మీరే చేయండత్తయ్యా,” అనేసి, చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ఆమె పురపాలక ఆఫీసులో ఆర్కిటెక్టు. ఊరి నడిబొడ్డున, పాత టౌన్‌హాలు ముందు, రాళ్ళు పరిచిన పెద్ద చౌకు ఉంది. మూడు పక్కల కమానుల వసారాలు, నాలుగో పక్క గడియార స్తంభం, మధ్యలో ఎప్పుడో ఎండిపోయిన ఫౌంటెన్. ఒకప్పుడు ఊరు ఊరంతా చేరిన చోటు. ఇప్పుడు అక్కడ చేరేవి కార్లు. దాన్ని మళ్ళీ మనుషుల చోటుగా మార్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జనాన్ని అడిగి మరీ మార్చాలని షరతు కూడా పెట్టారు.

పెద్దింజనీరుకి మొదటి సగం నచ్చింది, రెండో సగం నచ్చలేదు. ఆయన మనసంతా పాటలకి ఎగిరే రంగురంగుల ఫౌంటెన్ మీదే ఉంది. ఆఫీసులో చాటుగా అందరూ ఆయన్ని ఫౌంటెన్‌గారు అనే పిలుచుకునేవారు. ఆయన పని పంచేటప్పుడు ఆమె వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

“డిజైన్ మా కుర్రాళ్ళు చూసుకుంటారు. ప్రజాభిప్రాయం మీరు సేకరించండి మేడమ్. ఆడవాళ్ళకైతే ఓపికెక్కువ.”

ఆ కుర్రాళ్ళు ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాళ్ళు. ‘ఓపిక ఎక్కువేం కాదు, విసుక్కోడానికి తీరిక లేదంతే’ అనుకుంది గానీ పైకి అనలేదు.

మొదటి మీటింగు సాయంత్రం ఆరింటికి టౌన్‌హాల్లో జరిగింది. గది నిండా మగవాళ్ళే. వ్యాపారుల సంఘం కార్లకి ఇంకాస్త చోటు అడిగింది. ట్యాక్సీవాళ్ళు నీడ అడిగారు. చరిత్ర మాస్టారు చౌకు కట్టిన రాతి గురించి మొదలుపెట్టి, నీళ్ళ గ్లాసు అందించి ఆపేదాకా ఆపలేదు. ఫౌంటెన్ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కాకుండా ఆ గదిలో ఉన్న ఆడమనిషి టీ ఇచ్చే ఆవిడ ఒక్కతే.

“ఆడవాళ్ళెవరూ రాలేదు సార్,” అంది మర్నాడు.

“రమ్మన్నాం కదా. వాళ్ళకి ఆసక్తి లేకపోతే మనమేం చేస్తాం?”

సాయంత్రం ఆరు! ఆ వేళకి పిల్లలు ఆకలని వస్తారు, మొగుళ్ళు ఆఫీసుల నుంచి వస్తారు, ముసలివాళ్ళు మందులేసుకోవాలంటారు. ఆ వేళకి ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ తడిగానే ఉంటాయి. తను ఆ మీటింగులో కూర్చోడానికే పొద్దున కోడికంటే ముందు లేవాల్సొచ్చింది. జీతం తీసుకుని వచ్చే తనకే అంత తిప్పలైతే, ఊరికే రమ్మంటే ఎవరొస్తారు?

“ఇంకో మీటింగు పెడతాను సార్. సెలవురోజు, పొద్దున పదకొండింటికి, చౌకులోనే.”

“పెట్టండి, పెట్టండి. నేను మాత్రం రాలేను,” అన్నాడు ఫౌంటెన్‌గారు హాయిగా.

ఇంట్లో సంగతి వేరు. “సెలవురోజు కూడానా?” అన్నాడు భర్త. అత్తగారు మాత్రం చెవులు రిక్కించింది.

“జనం ఏమడిగితే అది రాసుకుంటావా?”

“రాసుకుంటానత్తయ్యా.”

“ఎవరైనా రావచ్చా?”

“ఎవరైనా.”

“అయితే నేనూ వస్తా.”

 ఇంట్లో నాలుగ్గోడల మధ్య వినే మాటలు ఇక నలుగురిలోనూ వినాలి కాబోలు అనుకుంది ఆమె.

ఆరోజు కార్లు రాకుండా తాళ్ళు కట్టించి, ఆమె చౌకు రాళ్ళ మీద సుద్దముక్కతో ప్లాను గీసింది. కాగితం మీద కాదు, అసలు కొలతలతో. ఇదిగో పాతదాని ముందు రాబోయే కొత్త ఫౌంటెన్ గుండ్రం, ఇవిగో కార్లు నిలిపే గళ్ళు, ఇదిగో దారి. మోకాళ్ళ మీద వంగి గీస్తుంటే బజారుకొచ్చిన ఆడవాళ్ళు సంచులు దించి చూడసాగారు. చంకలో పసిబిడ్డతో ఒకామె, బట్టలషాపులో అమ్మే అమ్మాయిలు ఇద్దరు, చేతికర్రతో ఓ పెద్దావిడ. చూస్తుండగానే గుంపు పెరిగింది.

“మీకేం కావాలో చెప్పండి,” అంది ఆమె లేచి చేతులు దులుపుకుంటూ.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“మాదేముందమ్మా, మీరేం చేసినా బాగానే చేస్తారు,” అంది పెద్దావిడ.

“మా ఆయన్నడిగి చెప్తాను,” అంది పసిబిడ్డ తల్లి.

ఎంత బతిమాలినా అంతే. నచ్చిన రంగు చెప్పమంటే “అందరికీ నచ్చింది” అంటారు. ఆమెకి కోపం రాలేదు. హోటలుకి వెళ్ళినప్పుడు “నీకేం కావాలి?” అని భర్త అడిగితే తనూ “మీరేం తింటే అదే” అంటుంది. అడిగించుకోవడం అలవాటు లేని నోళ్ళు, ఒక్క పొద్దులో ఎలా తెరుచుకుంటాయి?

అప్పుడు అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, సుద్దగీత దాటి, సరిగ్గా ఆ ఫౌంటెన్ గుండ్రం నడిమధ్యకి వెళ్ళి నిలబడింది.

“అమ్మాయ్, ఇక్కడ నీళ్ళు ఎగురుతాయంటున్నావు. బాగానే ఉంది. ఆ నీళ్ళ చప్పుడు వింటే నాకు ఒంటికొస్తుంది. అప్పుడు ఎక్కడికి పోను?”

 బట్టలషాపు అమ్మాయి ఒకతి పక్కున నవ్వింది. ఇంకేముంది, అందరూ నవ్వులే నవ్వులు. పెద్దావిడైతే చేతికర్ర మీదికి వంగిపోయి నవ్వింది.

“నవ్వకండమ్మా, నిజమే చెప్తున్నా,” అంది అత్తగారు, నవ్వు ఆపుకుంటూనే. “కాపరానికి వచ్చిన కొత్తల్నుంచీ, బజారుకొచ్చే రోజు పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగేదాన్ని కాదు. ఎండలో నాలుక పిడచకట్టుకుపోయేది. పది నిమిషాలకే ఇంటికి పోదామని మా ఆయన వెంట పడేదాన్ని. నీకు బజారంటేనే పడదనేవాడు పాపం. పడక కాదయ్యా, ఆపుకోలేక!”

“మా షాపులో మాకు లేదు పిన్నిగారూ,” అంది రెండో అమ్మాయి. “కస్టమర్లకీ లేదు. పొద్దున వెళ్తే మళ్ళీ ఇంటికెళ్ళాకే. రోజంతా నిలబడే ఉంటాం. కాసేపు కూర్చోడానికి ఈ వసారాలో ఒక బల్లైనా లేదు. మెట్ల మీద కూర్చుంటే, ఎవరికోసం చూస్తున్నావని అడుగుతారు.”

“ఎవరికోసమూ కాదు, నా కాళ్ళకోసం అని చెప్పు!” అంది పెద్దావిడ.

“పిల్లకి పాలివ్వాలన్నా, గుడ్డ మార్చాలన్నా చోటేదీ?” అంది పసిబిడ్డ తల్లి. మొగుణ్ణి అడిగి చెప్తానన్న మాట అప్పటికే మర్చిపోయింది.

ఇక ఆగలేదు. మాటల మీద మాటలు. ఆమె రాసుకోలేక సుద్దముక్కలు పంచేసింది. మరుగుదొడ్లు మూలన వద్దు, చీకటి సందులో అసలే వద్దు, గడియారం పక్కనే, నలుగురూ తిరిగే చోటే ఉండాలని గీశారు. వసారా పొడుగునా బల్లలు గీశారు. కార్ల గళ్ళ మీద అడ్డంగా చెట్లు గీశారు. అత్తగారు ఫౌంటెన్‌ని చెప్పుతో చెరిపి సగం చేసింది. ఆమె వాళ్ళని చూస్తూ నిలబడిపోయింది. పనుల మీద ఊరు తిరగాల్సిన రోజుల్లో తనూ నీళ్ళు తాగదు. ఎందుకని ఎవరైనా అడిగితే సిగ్గుపడేది. అది తన ఒంటి లోపమనుకునేది ఇన్నాళ్ళూ. ఊరి లోపమని ఇప్పుడు తట్టింది. ఆ తట్టడంతో ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయి, ఆమె కూడా ఒక సుద్దముక్క తీసుకుని, అడిగే ఉద్యోగంలో ఉన్నానన్న సంగతి మర్చిపోయి, చెట్టు కింద ఒక బల్ల గీసుకుంది.

ఫౌంటెన్‌గారు ఆ ప్లాను చూసి కళ్ళజోడు తీసేశాడు.

“చారిత్రక కట్టడం ముందు మరుగుదొడ్లా? చూసినవాళ్ళు నవ్విపోతారు. వెనక చెత్తకుండీల దగ్గర, రెండో విడతలో చూద్దాం. ఆడవాళ్ళు సదుపాయాలు కోరారు అని ఒక వాక్యం రాయండి, చాలు.”

“అది రేపు సభలో మాట్లాడుకుందాం సార్,” అంది ఆమె.

మర్నాటి సాయంత్రం పురపాలక సభలో అధ్యక్షుడి ముందు తుది నిర్ణయం. ఆ మాట ఇంకోసారి గుర్తుచేద్దామని ఇంటికెళ్తే భర్త ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

“రేపు సాయంత్రం మా కొత్త మేనేజరుగారూ, వాళ్ళావిడా భోజనానికొస్తున్నారు!”

“రేపు నాకు సభ ఉందని చెప్పాను కదండీ.”

“చెప్పావు. కానీ ఆయనంతట ఆయన వస్తానంటే ఎలా కాదంటాను? నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది. అయినా అక్కడ అంతమంది ఉంటారు. నువ్వొక్కదానివి లేకపోతే మీటింగు ఆగిపోతుందా?”

ఆమె కుర్చీలో కూలబడింది. మీటింగు తను లేకపోయినా ఆగదట. కూర మాత్రం తను లేకపోతే ఉడకదట. ఒకే మనిషి ఒకచోట అంత లెక్కలోకి రానిదీ, ఇంకోచోట అంత లేకపోతే గడవనిదీ ఎలా అయింది? ఆఫీసులో ఆమె కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరికీ కనబడదు. ఇంట్లో ఆమె కాస్త నడుం వాలిస్తే చాలు, ఒంట్లో బాగాలేదా అని కంగారుపడతారు. ఆ కంగారు తన ఒంటి గురించా, పొయ్యి గురించా అని ఆమెకి ఎప్పుడూ అనుమానమే. ఇదివరకైతే పొద్దున్నే లేచి రెండూ చేసేది. రేపు కూడా చేయొచ్చు. చేతనవుతుంది. చేతనవుతుందని అందరికీ తెలుసు కాబట్టే కదా ఇదంతా!

“మీటింగు ఆగదండీ. భోజనం కూడా ఆగక్కర్లేదు. మీరు చూసుకోండి,” అంది మామూలుగా.

“నేనా?” ఆయన దిక్కుతోచక తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, నువ్వైనా చెప్పవే!”

“నన్ను చూడకురా నాన్నా,” అంది అత్తగారు. “నేనూ పోతున్నా సభకి. నా ఫౌంటెన్ సంగతి తేల్చుకోవాలి.”

సభ ఆరింటికే. అయినా ఆడవాళ్ళొచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని కొందరు, షాపు నుంచి నేరుగా కొందరు. ఆ సాయంత్రం ఊళ్ళో ఎన్ని పొయ్యిలు వెలగలేదో! ఫౌంటెన్‌గారు తెరమీద రంగుల నీళ్ళని పాటతో సహా ఎగిరించి చూపించాడు. ఆ పాట సగంలో ఉండగా, పట్టుచీరలో ఒకావిడ తలుపు తోసుకుని లోపలికొచ్చి, వెతుక్కుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“ఆర్కిటెక్టు మీరేనా? నేను మీ ఇంటికి భోజనానికొచ్చాను.”

“అయ్యయ్యో!” ఆమె కంగారుగా లేవబోయింది. “ఏమనుకోకండి, నేను...”

“అనుకోడానికేముందండీ. మీరెక్కడని అడిగితే మీవారు భయపడుతూ భయపడుతూ చెప్పారు. నాకు షుగరు. ఆ చౌకులో మందులషాపుకి వచ్చినప్పుడల్లా ప్రాణం పోతుంది. మరుగుదొడ్ల మీటింగని తెలిశాక భోజనానికెలా కూర్చుంటాను? మా ఆయన్ని మీవారికి తోడుంచి వచ్చాను. ఇద్దరూ ఏదో వండుతామంటున్నారు.”

ఆమెకి నవ్వు ముంచుకొచ్చింది. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు ఆమె పేరు పిలిచాడు. నవ్వు మొహంతోనే లేచి, చౌకులో తీసిన సుద్దగీతల ఫొటోలు తెరమీద పెట్టి, ఎవరేమన్నారో అన్నది అన్నట్టే చెప్పింది. నీళ్ళు తాగకుండా బజారుకొచ్చే ఊరు మనదని చెప్పింది. ఫౌంటెన్‌గారు మధ్యలో లేచాడు.

“అధ్యక్షా, మేడమ్ తన సొంత అభిప్రాయాన్ని ప్రజాభిప్రాయంలో కలిపేస్తున్నారు.”

సభ గుసగుసలాడింది. ఇదివరకైతే ఆమె “లేదు సార్” అని సర్దుకునేది.

“కలిపాను సార్. నేనూ ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. నన్నెవరూ అడగలేదు కాబట్టి నన్ను నేనే అడిగాను.”

“నన్నూ అడిగింది!” అని వెనక నుంచి అత్తగారు కేకేసింది. “ఇంట్లో ఇన్నేళ్ళున్నాం, ఒకరినొకరం అడిగింది లేదు. అక్కడ అడిగింది. చెప్పాను!”

చప్పట్లు మొదలైంది ఆడవాళ్ళ వైపునుంచే గానీ, చరిత్ర మాస్టారు కూడా కొట్టాడు. తనకీ వయసు మీదపడిందనీ, ఆ అవసరం తనకీ ఉందనీ మెల్లగా ఒప్పుకున్నాడు. అధ్యక్షుడు అటూ ఇటూ చూసి లెక్క కట్టుకున్నాడు. ఎన్నికలు దగ్గర్లో ఉన్న మనిషి. కార్లకి సగం చోటే మిగిలింది. ఫౌంటెన్ పాటల్లేకుండా, పాతది పాతగానే బాగుచేయాలన్నారు. గడియారం పక్కన మరుగుదొడ్లు, వసారా పొడుగునా బల్లలు, అవి మొదటి విడతలోనే. చెట్ల సంగతి మాత్రం తేలలేదు. దానికి ఇంకో సభట.

“ఆ ఇంకో సభ పొద్దున పెట్టించండి సార్,” అంది ఆమె ఫౌంటెన్‌గారి పక్కనుంచి వెళ్తూ. ఆయన తలూపాడు, పాపం, పాటలు పోయిన దుఃఖంలో.

ముగ్గురూ నవ్వుకుంటూ ఇల్లు చేరేసరికి మెట్ల దాకా మాడువాసన. వంటింట్లో ఇద్దరు మగవాళ్ళు చొక్కాచేతులు మడిచి, ఒకే గిన్నెలోకి తొంగిచూస్తున్నారు. మేనేజరుగారి కళ్ళు ఉల్లిపాయలకి ఎర్రబడ్డాయి. భర్త చేతిలో గరిటె, చెంప మీద మసి. ఆమెని చూడగానే ప్రాణం లేచొచ్చింది ఆయనకి.

“అమ్మయ్య, వచ్చావా! ఉప్పెక్కడుంది?”

ఆమె అడుగు దానంతటదే వంటింటి వైపు పడింది. చీకట్లో కూడా ఆ చేతికి ఆ డబ్బా దొరుకుతుంది. అడుగు వెనక్కి తీసుకుని, కుర్చీ లాక్కుని, అత్తగారికీ పట్టుచీర ఆవిడకీ మధ్య హాయిగా కూర్చుంది.

“వెతకండి,” అంది.