కొత్త గొట్టాలు వేసిన రోజు

నేను ఒక పడవ మోటారుని. ఎక్కడో సముద్రాలవతల పుట్టాను. ఒంటి మీది అక్షరాలు చెరిగిపోయాయి, ఊరి పేరు అడక్కండి. మొదట ఓ రొయ్యల చెరువుల ఆసామి దగ్గరున్నాను. ఆయన నన్ను నడిపిన దానికంటే చుట్టాలకు చూపించిందే ఎక్కువ. తర్వాత కోరంగి పాయల్లో వల వేసే కొండబాబు చేతికొచ్చాను. ఇరవై రెండేళ్లుగా ఆయన పడవ వెనకే వేలాడుతున్నాను.

మనుషులదో చిత్రమైన అలవాటు. నేను ఆగితే ముసలిదైపోయిందంటారు, ఎందుకాగానో చూడరు. మొన్న వేసవిలో నాలుగు రోజులు వరసగా పాయ మధ్యలో దగ్గి ఆగిపోయాను. తప్పు నాది కాదు. నాకు పెట్రోలు తెచ్చే రబ్బరు గొట్టం పగిలి గాలి పీలుస్తోంది. పగిలిన చోట కొండబాబు తాపీమేస్త్రీలు నీళ్లు పోసి మట్టం చూసే ప్లాస్టిక్ గొట్టం ముక్క అతికించాడు. పెట్రోలు తగిలి అది ఎండుచేపలా బిగుసుకుపోయింది.

అయిదో రోజు, పాత ఇనుము కొనే గున్నయ్య గోనెసంచితో వచ్చాడు.

"ఎన్నాళ్లు మోత్తావు బావా దీన్ని? నాకిచ్చేసి తెడ్డేసుకో. పొట్టన్నా తగ్గుద్ది."

కొండబాబు నన్ను విప్పడానికి పానా తీశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంతలో ఆయన భార్య నూకరత్నం కొత్త గొట్టాల పొట్లంతో వచ్చింది.

"ఆగవయ్యా. కాకినాడ నుంచి తెచ్చాను. ఇవేసి సూడు. అప్పటికీ లేవకపోతే నీ ఇట్టం."

పాతవి కోసేస్తే లోపల్నుంచి నల్లటి పొట్టు రాలింది. కొత్తవి వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక తొడిగాడు. పడవకు ఏ కొత్త వస్తువు బిగించినా ముందు పసుపు రాయడం వాళ్ల ఆనవాయితీ. గొట్టాలతో పాటే వచ్చిన, పెట్రోలు పైకి తోడే రబ్బరు బుడ్డి ఒళ్లంతా నూకరత్నం పసుపు పట్టించింది. కొండబాబు దాన్ని బిగించి నొక్కాడు. బుడ్డి చొట్టబడి అలాగే ఉండిపోయింది. తాడు లాగాడు. నేను ఉలకలేదు.

"బుడ్డి కూడా సచ్చిందిరా బావా!" అంటూ గున్నయ్య సంచి మూతి విప్పాడు.

నూకరత్నం బుడ్డిని కొంగుతో తుడిచింది. పసుపు కింద బాణం గుర్తు బయటపడింది.

"ఇదిగో, బాణం ట్యాంకు వైపు సూత్తంది. పెట్రోలు ఇంజన్లోకి పోవాలా, వెనక్కి పోవాలా?"

"గుర్తు కనపడకుండా పసుపు పూసిందెవరే?"

"పూసింది నేనే. ఎటు పెట్టాలో సూడకుండా బిగించిందెవరు?"

కొండబాబు బుడ్డిని తిప్పి బిగించాడు. ఈసారి బుడ్డి పచ్చి జామకాయలా గట్టిపడింది. మూడో లాగుకి నీలం పొగ వదిలి లేచాను. నూకరత్నం పొగలోనే నిలబడి నవ్వింది.

ఇదంతా చూస్తూ గున్నయ్య జనాన్ని పాయ దాటించే ఆఖరి పంటు పోగొట్టుకున్నాడు. అవతలి ఒడ్డున దింపమని కొండబాబును బతిమాలాడు. పాయ మధ్యకొచ్చేసరికి పోటు కెరటం తగిలి పడవ ఊగింది. ఈత రాని ఆ మనిషి రెండు చేతులా అంచు పట్టుకుని, నా వంకే చూస్తూ, "నడవ్వే తల్లీ, నడువు" అన్నాడు.

ఇన్నేళ్లలో నన్ను తల్లీ అని పిలిచింది ఆయనొక్కడే.